కనుమ నాడు కదలని విమానం

పోయిన సంచికలో పెట్టెలు సర్దుకోవడం దగ్గర ఆగాం. అది చదివి ముగ్గురు నలుగురు మిత్రులు ఫోన్ చేసి, "సర్దుకోవడానికే రెండు పేజీలా? విమానం ఎప్పుడెక్కుతారు?" అని అడిగారు. ఎక్కేశాం. ఈ నెల అంతా విమానాలే. కాకపోతే మా విమానాలు గాల్లో ఎగిరిన గంటల కన్నా మేం వాటి కోసం నేల మీద కాచుకున్న గంటలు ఎక్కువ. అందుచేత ఈ నెల కథ చాలావరకు నేల మీదే నడుస్తుంది.

కొత్తగా చేరిన సభ్యుల కోసం ఒక్క మాట. ఈ శీర్షిక మేమిద్దరం కలిసి రాస్తాం. ఒకరు చెబుతుంటే రెండోవారు రాస్తారు. "మాలో ఒకరు" అని ఎక్కడైనా కనిపిస్తే అది ఎవరో పాత పాఠకులకు ఇట్టే తెలుస్తుంది. తెలియనివారు ఉగాది విందులో మమ్మల్ని కలిసి, ఎవరికి కోపం వస్తుందో చూసి కనిపెట్టవచ్చు.

2024 జనవరి 5న నెవార్క్‌లో బయలుదేరి లండన్, మారిషస్, ముంబయి, విశాఖపట్నం, సింగపూర్ మీదుగా తూర్పుకే పోతూ పోతూ ఫిబ్రవరి 8న మళ్ళీ నెవార్క్‌లోనే దిగాం. అంటే గుడి చుట్టూ తిరిగినట్టు భూమి చుట్టూ ఒక ప్రదక్షిణం అన్నమాట. "ఇండియా వెళ్ళడానికి మారిషస్ మీదుగా ఎందుకు? పిల్లలు సంపాదిస్తున్నారు కదా అని సరదాలా?" అన్నారొక మిత్రులు. సరదా కూడా ఉంది, కాదనం. అసలు కారణం మాత్రం పెద్దమ్మ.

పెద్దమ్మకి తొంభై ఒకటి. మా వైపు ఆ తరంలో మిగిలింది ఆవిడొక్కరే. విజయనగరం దాటాక ఒక పల్లెలో పెంకుటింట్లో, పనమ్మాయి తోడుగా ఉండేవారు. రెండేళ్ళుగా మోకాళ్ళు సహకరించక, ఇల్లు అమ్మేసి విశాఖలో కొడుకు దగ్గరికి, అంటే మా అన్నయ్య దగ్గరికి, వెళ్ళడానికి ఒప్పుకున్నారు. జనవరి 19, శుక్రవారం, పదకొండు గంటలకి తాళాలు ఇచ్చేయాలి. ఆ ఇంట్లో అదే ఆఖరి సంక్రాంతి. అందరం చేరాలని అనుకున్నాం.

అయితే ఆవిడకి ఇంకో కోరిక ఉంది. ఆవిడ తాతగారి తమ్ముడు, అప్పలసామి అనే ఆయన, ఇంట్లో దెబ్బలాడి "మోరీసు దీవి"కి ఓడెక్కేశాట్ట. మళ్ళీ కబురు లేదు. ఎప్పుడన్నది ఎవరికీ తెలీదు. ఆవిడ నాన్నగారు పుట్టక ముందు అని మాత్రం తెలుసు. లెక్కకడితే 1890ల మాట. ఆనవాలు ఒక్కటే: ఎడమ చేతికి ఆరు వేళ్ళు. పెద్దమ్మ ఫోన్లో ఖచ్చితంగా చెప్పేశారు. "పండక్కి ఒక్క రోజు ఆలీసమైనా పరవాలేదర్రా. ఇల్లు చేతులు మారకముందు ఆ మనిషి సంగతేటో కనుక్కుని రండి. ఆడికీ ఇందులో వాటా ఉంది కదా."

వాటా అడగడానికి ఎవరైనా వస్తారని కాదు. ఆవిడ లెక్క ఆవిడది.

పురావస్తు కార్యాలయాలు శని, ఆదివారాలు పనిచేయవు, మారిషస్ నుంచి ముంబయికి మాకు కుదిరే విమానం రోజూ ఉండదు. అన్నీ చూసుకుని జనవరి 10 బుధవారం మారిషస్ చేరి, 15 సోమవారం సాయంత్రం బయలుదేరి, 16 మధ్యాహ్నానికి విశాఖలో దిగేట్టు టికెట్లు తీశాం. పదహారు కనుమ. ఆ మాట విని పెద్దమ్మ నొచ్చుకున్నారు. "కనుమ నాడు కాకైనా కదలదు. మీరేటర్రా సముద్రాలు దాటతామంటారు?" మేం నవ్వేశాం. కాకులకి వీసా అక్కర్లేదు, మన సెలవుల సంగతి కాకులకేం తెలుసు అన్నాం.

లండన్ గురించి ఎక్కువ రాయం. మనలో సగం మంది అక్కడ ఉద్యోగాలు చేసి వచ్చినవాళ్ళే. ఒక్క చోటు మాత్రం చెప్పాలి. బ్రిటిష్ మ్యూజియంలో ఆసియా హాలు వెనక అద్దాల గోడలున్న ఒక చిన్న గది ఉంది. అందులో ఉన్నవి మన అమరావతి స్తూపం రాళ్ళు. తెల్లగా మెరిసే పలనాటి సున్నపురాయి. గాలిలో తేమ తగిలితే పాడవుతాయని 1992 నుంచి ఇలా విడిగా పెట్టారు. 1845లో గుంటూరులో ఉన్న వాల్టర్ ఇలియట్ అనే దొర తవ్వించి మద్రాసు పంపితే, అక్కడ చాలా ఏళ్ళు ఎండకీ వానకీ పడి ఉండి, 1859లో ఓడెక్కి లండన్ వచ్చాయి. 1880లో ఈ మ్యూజియానికి చేరాయి. ఒక పలక మీద స్తూపం బొమ్మే చెక్కి ఉంది. గుమ్మంలో సింహాలు, చుట్టూ ప్రాకారం, పైన ఎగిరే దేవతలు. ఇప్పుడు అమరావతి వెళ్తే కనిపించేది మట్టిదిబ్బ. ఆ దిబ్బ ఒకప్పుడు ఎలా ఉండేదో చూడాలంటే ఆ పలకే దిక్కు. ఇంకొక పలకకి రెండు వైపులా చెక్కారు. పాత బొమ్మ నచ్చలేదో ఏమో, కొన్ని వందల ఏళ్ళ తరవాతివాళ్ళు అదే రాయిని తిప్పి వెనకవైపు కొత్తది చెక్కుకున్నారు. ఆ పొదుపు చూస్తే మనవాళ్ళేనని అనుమానం లేదు. ప్రవేశం ఉచితం. మాలో ఒకరు గంటన్నర నిలబడ్డారు. రెండోవారు బెంచీ వెతుక్కున్నారు.

తొమ్మిదో తేదీ సాయంత్రం మారిషస్ విమానం ఎక్కి కూర్చున్నాం. బెల్టులు పెట్టుకున్నాం. తలుపులు మూశారు. ఒక గంట అయ్యాక "చిన్న సాంకేతిక లోపం" అన్నారు. రెండో గంటకి "ఇంజనీర్లు చూస్తున్నారు" అన్నారు. మూడో గంటకి నీళ్ళ గ్లాసులు ఇచ్చారు. విమానాల వాళ్ళు అడక్కుండా నీళ్ళు ఇచ్చారంటే ఆశ వదులుకోవాలని మా అనుభవం. నాలుగో గంటకి దింపేశారు. అర్ధరాత్రి దాటాక ఒక హోటల్, ఒక చల్లటి శాండ్‌విచ్. మర్నాడు మధ్యాహ్నం గాని కదల్లేదు. మొత్తం ఇరవై గంటలు.

ఇక్కడ ఒక ఉపయోగకరమైన సంగతి చెబుతాం, కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించుకోవచ్చు. బ్రిటన్ నుంచి బయలుదేరే విమానం ఏ దేశపు కంపెనీదైనా సరే, దూరం 3500 కిలోమీటర్లు దాటి, నాలుగు గంటలకు మించి ఆలస్యంగా చేరిస్తే మనిషికి 520 పౌన్ల పరిహారం ఇవ్వాలని చట్టం. మామూలు యంత్ర లోపం వాళ్ళ పూచీయే, తప్పించుకోవడానికి అది సాకు కాదని అక్కడి కోర్టులు తేల్చాయి. యూరోపియన్ యూనియన్ వాళ్ళు 2004లో చేసిన నిబంధన దీనికి మూలం. అందులో పెద్ద దూరాలకి పెట్టిన మొత్తం 600 యూరోలు. తుఫాను, మంచు లాంటివి వస్తే పరిహారం ఉండదు గాని, తిండీ బసా మాత్రం చూడాలి. దరఖాస్తు మనమే పెట్టుకోవచ్చు. మధ్యలో వాటా పుచ్చుకునే ఏజెంట్లు అక్కర్లేదు. కావలసినవి టికెట్టు, బోర్డింగ్ పాస్, విమానం చేరిన టైము. మా బోర్డింగ్ పాస్ ముక్కలు మాలో ఒకరు పారేయబోతే రెండోవారు చేతిలోంచి లాక్కున్నారు. మొదట "పరిశీలిస్తున్నాం" అని ఒక ఉత్తరం, తరవాత "విచారిస్తున్నాం" అని ఒకటి, మార్చి నెలలో డబ్బు వచ్చింది. ఇద్దరికీ కలిపి 1040 పౌన్లు.

డబ్బు వచ్చింది గాని పోయిన బుధవారం రాలేదు. పురావస్తు కార్యాలయానికి మాకున్న పనిదినాలే నాలుగు. అందులో ఒకటి విమానాశ్రయంలో పోయింది. గురువారం తెల్లవారి దిగి, ఆ పూట నిద్రకే పోయింది. శుక్రవారం ఉదయం మోకా వెళ్ళాం.

మోకాలో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ అని ఉంది. వెనకటి రోజుల్లో ఒప్పందపు కూలీలుగా ఇండియా నుంచి వచ్చిన వాళ్ళ దస్తావేజులు అక్కడ భద్రపరిచారు. ఒక్కొక్క మనిషికి ఒక నంబరు. పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, ఒంటి మీద గుర్తులు, ఊరు, జిల్లా, ఏ ఓడలో వచ్చాడన్నది. 1860ల తరవాత వచ్చిన చాలామందికి ఫోటోలు కూడా ఉన్నాయి. మారిషస్ వాళ్ళు తమ ముత్తాతల కాగితాలు ఇక్కడే తీసుకుంటారు. వాళ్ళు తమ పెద్దల నంబరు చెబుతారు. మా దగ్గర నంబరు లేదు, ఓడ పేరు లేదు, ఏడాది లేదు. ఉన్నది "అప్పలసామి". సింహాచలం అప్పన్న పేరు పెట్టుకోని ఇల్లు మా వైపు ఉండదు. విజయనగరం సంతలో "ఒరే అప్పలసామీ!" అని కేకేస్తే పదిమంది తిరిగి చూస్తారు, ఇద్దరు ముగ్గురు దగ్గరికే వచ్చేస్తారు.

అక్కడి ఉద్యోగిని చాలా ఓపికమంతురాలు. తెల్లదొరల గుమాస్తాలు ఆ పేరుని ఎన్ని రకాలుగా రాశారో ఆవిడకి తెలుసు. ఆపల్‌సామి, అపెలసామి, అప్పాలసావ్మీ. ఒక గుమాస్తాకి ఆపిల్ పండు గుర్తొచ్చి ఉంటుంది. సాయంత్రానికి విశాఖపట్నం జిల్లా నుంచి వచ్చి, వయసు కుదిరే అప్పలసాములు ముగ్గురు తేలారు. ముగ్గురి ఊరి పేర్లూ మా ఊరు కావు, కావని చెప్పడానికీ లేదు. ఆరు వేళ్ళ ప్రసక్తి ముగ్గురికీ లేదు. "ఇంకో సంపుటం ఉంది, అది సోమవారం తీయిస్తాను, ఫోటోలూ అప్పుడే చూద్దురుగాని" అన్నారావిడ. సోమవారం సాయంత్రం కదా మా విమానం, ఉదయం రావచ్చు. మూడు పేర్లూ రాసుకుని వచ్చేశాం.

శని, ఆదివారాలు అందరిలాగే తిరిగాం. సముద్రం రంగులు చూడవలసిందే, చెప్పడానికి మాటలు వెతుక్కోవాలి. గ్రాండ్ బాసిన్‌లో 108 అడుగుల శివుడు. పోర్ట్ లూయీ మ్యూజియంలో డోడో పక్షి అస్థిపంజరం. ఎగరలేని ఆ పక్షి పదిహేడో శతాబ్దంలోనే మాయమైంది. మా విమానం తలుచుకుని మాకు దాని మీద జాలి కలిగింది.

అప్రవాసి ఘాట్ దగ్గర మాత్రం వేళాకోళాలు ఆగిపోయాయి. పోర్ట్ లూయీ రేవు ఒడ్డున నల్లరాతి మెట్లు, కూలిపోయిన గదుల గోడలు, అంతే. చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. 1834 నుంచి 1920 దాకా ఇండియా నుంచి దాదాపు అయిదు లక్షల మంది ఒప్పందపు కూలీలు ఈ దేశానికి వచ్చారు. 1849లో ఈ డిపో కట్టాక వచ్చినవాళ్ళంతా ఈ మెట్లెక్కే లోపలికి వెళ్ళారు. 2006లో యునెస్కో వారు ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించారు. మనం నెవార్క్‌లో, జేఎఫ్‌కేలో దిగిన రోజున చేతిలో డిగ్రీ కాగితాలు, కోటు జేబులో ఎనిమిది డాలర్లు అంటూ కథలు చెప్పుకుంటాం. మన సంఘంలో ఆ ఎనిమిది డాలర్ల కథ లేని డాక్టరు గారు లేరు. ఆ మెట్ల మీద నిలబడితే ఆ కథ నోటికి రాలేదు.

మేం దిగింది కాత్ర్ బోర్న్ ఊళ్ళో ఒక ఇంట్లో. మేడ మీద మూడు గదులు అద్దెకిస్తారు. ఇంటావిడకి డెబ్బై దాటాయి. పుట్టుకతో తెలుగువారు. ఇంట్లో మాట్లాడేది క్రియోల్, బజార్లో ఫ్రెంచి. చిన్నప్పుడు బడిలో నేర్చుకున్న తెలుగు ఉంది. అక్కడ ప్రభుత్వ బడుల్లో తెలుగు చెబుతారు, ఉగాదికి దేశమంతటికీ సెలవు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది కూడా ఆ దేశంలోనే. ఆవిడ తెలుగు మాట్లాడుతుంటే వాచకం చదువుతున్నట్టు ఉండేది: "మీరు భోజనము చేసితిరా?" కాని అమ్మోరు పండుగ అన్నప్పుడూ, సింహాద్రి అప్పన్న పూజ అన్నప్పుడూ మాత్రం ఆ మాటలు అచ్చం మా పెద్దమ్మ నోట్లోంచి వచ్చినట్టే వచ్చేవి. బడిలో నేర్చుకున్నవి కావవి.

ఆదివారం భోగి. రాత్రి రేడియోలో తుఫాను సంగతి చెప్పారు. పేరు బెలాల్. మొదట పక్కనున్న రీయూనియన్ దీవికి అన్నారు, సోమవారం పొద్దున ఇటు కూడా తిరిగింది.

తుఫాను మాకు కొత్త కాదు. మా తరానికి 1977 దివిసీమ ఉప్పెన గుర్తుంది. 2014లో హుద్‌హుద్ వచ్చి విశాఖ విమానాశ్రయం పైకప్పు ఎత్తుకుపోయినప్పుడు ఇక్కడ మన సంఘమే చందాలు వసూలు చేసింది. మాలో ఒకరు ఇంజనీరు బుద్ధి పోనివ్వక ఇంటావిడకి ఉపన్యాసం మొదలుపెట్టారు. భూమధ్యరేఖకి దక్షిణాన తుఫాను గడియారం ముల్లు తిరిగే వైపు తిరుగుతుంది, మన బంగాళాఖాతంలో దానికి ఎదురు తిరుగుతుంది. సైక్లోన్ అన్న మాట కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన పుట్టించాడు, గ్రీకులో పాము చుట్ట అని అర్థం. ఇంటావిడ అంతా విని, "కొవ్వొత్తులు ఉన్నవి. నీళ్ళు పట్టవలెను" అన్నారు. బకెట్లు నింపాం.

సోమవారం, సంక్రాంతి. పోర్ట్ లూయీ వీధుల్లో వరద వచ్చి కార్లు పడవల్లా తేలాయి. హెచ్చరిక మూడో తరగతికి పెంచారు. ఆ దేశంలో అలాంటివి నాలుగు తరగతులు. ఆఫీసులు, విమానాశ్రయం మూశారు, సాయంత్రానికి కర్ఫ్యూ పెట్టారు. మోకా లేదు, సంపుటం లేదు, ఫోటోలు లేవు. మా విమానం రద్దయింది. కొత్త సీట్లు బుధవారం సాయంత్రానికి గాని దొరకలేదు.

పెద్దమ్మకి ఫోన్ చేశాం. అక్కడ ఇంటినిండా జనం, పిల్లల గోల, ఆవిడకి సరిగా వినపడలేదు. అన్నయ్య అరిచి చెప్పాక ఆవిడ అన్న మాట: "కాకి కదల్దని సెప్పినానా లేదా?" అని, వెంటనే గొంతు మార్చి, "తిండి దొరుకుతోందా అమ్మా?" అని.

దొరికింది. కనుమ నాడు మినుము తినాలంటారు. కరెంటు లేని ఆ పూట ఇంటావిడ గ్యాసు పొయ్యి మీద గాతో పిమాన్ వేయించారు. అంటే పప్పు రుబ్బి, పచ్చిమిరపకాయలు వేసి చేసిన మన మసాలా వడే. మినుములు కావు, శనగపప్పు జాతి ఏదో. మాలో ఒకరు అది చెల్లదన్నారు. రెండోవారు ఎనిమిది తిన్నారు.

గాలి కిటికీలు బాదుతుంటే కొవ్వొత్తి ముందు కూర్చుని ఎంతసేపని వాతావరణం మాట్లాడతాం? మేం ఎందుకొచ్చామో చెప్పాం. ఆవిడ లోపలికి వెళ్ళి ప్లాస్టిక్ సంచిలో చుట్టిన కాగితం తెచ్చారు. వాళ్ళ ముత్తాతది. పాత రిజిస్టరు చూసి ఎవరో ఎప్పుడో చేత్తో ఎత్తి రాసిచ్చిన నకలు. గడులు లేవు, శీర్షికలు లేవు, వరసగా మాటలు. నంబరు, ఆయన పేరు, తండ్రి పేరు, తరవాత "నెల్లీ మర్లా", తరవాత "వైజాగపటం". ఆవిడ ఆ మాట మీద వేలు పెట్టి, "ఇది మా ముత్తవ్వ పేరు. ఇంగ్లీషు పేరు. దొరసాని ఇంట్లో పని చేసినది కాబోలు అని మా నాన్న చెప్పెను" అన్నారు.

మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నెల్లిమర్ల. విజయనగరం నుంచి పది కిలోమీటర్లు ఉంటుందేమో. జూట్ మిల్లు ఉన్న ఊరు. రామతీర్థం వెళ్ళేవాళ్ళు దిగే స్టేషను. మాలో ఒకరు చిన్నప్పుడు పాసింజరు బండిలో ఆ ఊరి మీదుగా వందసార్లు వెళ్ళి ఉంటారు.

చెప్పాం. ఆవిడకి ఒక పట్టాన అర్థం కాలేదు. "స్త్రీ కాదా?" అన్నారు. కాదన్నాం. ఊరు, ఇప్పటికీ ఉంది, రైలు ఆగుతుంది, బజారు ఉంది అన్నాం. ఇంజనీరు గారు వేరుశనక్కాయల పొట్లం చించి, దాని వెనక విశాఖ, విజయనగరం, నెల్లిమర్ల, సముద్రం గీసి చూపించారు. ఆవిడ చాలాసేపు ఆ కాగితం వంక చూసి, "అయితే ముత్తవ్వ పేరు ఏమి?" అన్నారు.

దానికి మా దగ్గర జవాబు లేదు. ఆవిడకి ఆ రాత్రి ఒక ఊరు దొరికింది, ఒక మనిషి పోయింది. చిన్నప్పటి నుంచీ నెల్లీ అనే ముత్తవ్వని మనసులో పెట్టుకుని ఉన్నారు మరి. మర్నాడు పొద్దున కాఫీ ఇస్తూ, "రాత్రి నిద్ర లేదు. మంచిదే" అన్నారు.

బుధవారం బయలుదేరే ముందు ఆవిడే అడిగారు, మీ మనిషి పేరు, గుర్తులు రాసి ఇవ్వండి, ఆ నాలుగో సంపుటం నేను వెళ్ళి చూస్తాను అని. రాసిచ్చాం.

ముంబయిలో గురువారం తెల్లవారి దిగాం. ఆ వారమంతా ఢిల్లీ పొగమంచుతో దేశంలో విమానాలన్నీ తలకిందులైన సంగతి మీరు వార్తల్లో చూసే ఉంటారు. విశాఖకి మేం ఎక్కవలసిన విమానం ఢిల్లీ నుంచి రావాలి. అది రావడానికి అయిదు గంటలు పట్టింది. కుర్చీలు చాలక జనం నేల మీద దుప్పట్లు పరిచారు. ఒక పెళ్ళివారు పులిహోర డబ్బా విప్పి చుట్టూ ఉన్న అందరికీ పంచారు. ఎక్కడివాళ్ళని అడిగితే అనకాపల్లి.

విశాఖలో సాయంత్రం, ఊళ్ళోకి వెళ్ళేసరికి రాత్రి తొమ్మిది. పండక్కి వచ్చిన ఇరవై ముగ్గురూ వెళ్ళిపోయారు. వాకిట్లో రథం ముగ్గు సగం చెరిగిపోయి ఉంది. అన్నయ్య, వదిన, పెద్దమ్మ ఉన్నారు. సామానంతా విశాఖ పంపించేయగా మిగిలినవి రెండు మంచాలు, ఒక కుర్చీ, వంటింట్లో నాలుగు గిన్నెలు. మర్నాడు పదకొండింటికి తాళాలు.

పెద్దమ్మ కుర్చీలో కూర్చుని, "ముందు తినండి, తరవాత సెప్దురు" అన్నారు. వదిన అరిసెలు దాచి ఉంచింది. తిన్నాక కాగితం తీశాం. మొదటివాడు అప్పలసామి, వయసు ఇరవై రెండు, ఎత్తు అయిదడుగుల ఎనిమిది అంగుళాలు. "మా వంశంలో అంత పొడుగోళ్ళెవర్రా? ఆడు కాదు" అన్నారు. రెండోవాడి తండ్రి పేరు చదవగానే చెయ్యి ఊపేశారు. మూడోవాడు అయిదడుగుల రెండు. నుదుటి మీద మచ్చ. వేళ్ళ మాట లేదు. ఆవిడ ఆ పేరు మళ్ళీ చదివించుకున్నారు. మచ్చ ఏ వైపని అడిగారు. రాయలేదన్నాం. సోమవారం ఆఫీసు మూశారు, ఇంకో సంపుటం మిగిలింది, ఒకావిడ చూసి చెబుతామన్నారు అన్నాం.

"ఈడైతే ఈడు. కాపోతే ఇంకోడు. ఇందులో ఎవడికి అన్నం పెట్టినా మనోడికి పెట్టినట్టే" అని, ముద్ద కలిపిన పళ్ళెం ఒకటి పెరటి గుమ్మం దగ్గర పెట్టించారు. పండగ మూడు రోజుల్లో పెద్దలకి పెట్టినప్పుడు ఆ ఒక్కరికీ పెట్టకుండా మా కోసం ఆపి ఉంచారట. బతికున్నాడో లేదో తెలీక ఇన్నేళ్ళు ఆ ఇంట్లో ఆయనకి ఎవరూ పెట్టలేదట. అదీ సంగతి. ఆ మాట ఫోన్లో మాకు చెప్పలేదు.

ఆ రాత్రి అందరం మండువాలో చాపలు వేసుకుని పడుకున్నాం. శుక్రవారం పదకొండింటికి కొన్నాయన వచ్చాడు, తాళాలు ఇచ్చాం. పెద్దమ్మ కార్లో ముందు సీట్లో కూర్చుని, ఆంజనేయస్వామి గుడి దాకా మాట్లాడలేదు. గుడి దాటాక, విశాఖలో ఆ అపార్టుమెంటుకి లిఫ్టు పనిచేస్తోందా అని అడిగారు.

ఆదివారం నాడు నెల్లిమర్ల వెళ్ళాం. స్టేషన్లో పసుపుపచ్చ బోర్డు మీద తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో పేరుంది. దాని పక్కన నిలబడి ఫోటో తీయించుకుని మారిషస్ పంపాం. అరగంటలో జవాబు వచ్చింది, తెలుగు అక్షరాల్లో: "చాలా పెద్ద అక్షరములు." ఇంకో నిమిషానికి: "అక్కడ మట్టి ఏ రంగు?" ఎర్రమట్టి. అదీ ఫోటో తీసి పంపాం.

సింహాచలం, భీమిలి, చుట్టాల ఇళ్ళలో భోజనాలు, ఒక పంటి డాక్టరు. ఈ రెండు వారాల సంగతులు అందరికీ తెలిసినవే. ఫిబ్రవరి మొదట్లో విశాఖ నుంచి రాత్రి విమానంలో సింగపూర్ వెళ్ళాం. అది టైముకే కదిలింది. మాలో ఒకరికి నమ్మకం కుదరక రెండుసార్లు వాచీ చూసుకున్నారు. సింగపూర్ నుంచి నెవార్క్‌కి ఎక్కడా ఆగకుండా పద్ధెనిమిది గంటలు. ప్రపంచంలో ఇంతకన్నా పొడవైన ప్రయాణాలు చాలా తక్కువ. రాత్రి పదకొండున్నరకి ఎక్కితే, అంతసేపూ ఎగిరి మర్నాడు పొద్దున ఆరింటికే దిగాం. ఆ మాయ దినరేఖది. సింగపూర్‌లో చూసినవి, ఆ పద్ధెనిమిది గంటలు మోకాళ్ళతో ఎలా నెగ్గుకొచ్చామన్నది వచ్చే సంచికలో రాస్తాం.

మార్చి నెలలో కాత్ర్ బోర్న్ నుంచి ఒక కవరు వచ్చింది. ఆ సంపుటంలో ఇంకో అప్పలసామి ఉన్నాడట. అయిదడుగుల మూడు. గుర్తుల దగ్గర ఏదో రాసి ఉంది గాని సిరా ఒలికి చదవడానికి లేదు. ఫోటో నకలు పంపారు, ఛాతీ దాకానే ఉంది, చేతులు కనపడవు. పెద్దమ్మ దాన్ని కిటికీ దగ్గర పెట్టుకుని భూతద్దంతో చూస్తున్నారని వదిన చెప్పింది.